పళ్ళు తోమిన తరువాత: పర్యావరణానికి హాని చేయని దంతసంరక్షణ సాధనాలు

ఈనాటి ప్రసంగం పళ్ళు శుభ్రం చేసుకోవడానికి వాడే వస్తువుల గురించి, ముఖ్యంగా ఆ వస్తువులు వాడకం ముగిశాక ఎక్కడికి చేరుతున్నాయన్న విషయం గురించి.

నలుగురు మనుషులున్న ఇంట్లో, దంతవైద్యులు చెప్పినట్టు మూడు నెలలకొకసారి బ్రష్షు మార్చుకుంటే, ఏడాదికి 16 బ్రష్షులు చెత్తబుట్టలో పడతాయి. వాటి వెంట పేస్టు గొట్టాలు, మూతలు, బ్రష్షును చుట్టి ఉంచే ప్లాస్టిక్ రేకులు కూడా పోతాయి. ఒక్కొక్కటీ పిడికిట్లో ఇమిడేంత చిన్నది, తూకానికి కొద్ది గ్రాములే ఉంటుంది కనుక వీటిని చెత్తగా లెక్కపెట్టాలన్న ఆలోచనే సాధారణంగా ఎవరికీ రాదు. అయితే కోట్లాది ఇళ్ళలో ప్రతి ఉదయం ఇదే పని జరుగుతున్నప్పుడు ఆ కొద్ది గ్రాములే కొండలవుతాయి.

హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పాలన కింద, కోకోస్ కీలింగ్ అనే చిన్న దీవుల సమూహం ఉంది. అక్కడ నివసించేవారు సుమారు ఆరువందల మంది మాత్రమే. ఆ దీవుల తీరాలకు కొట్టుకువచ్చిన చెత్తను శాస్త్రవేత్తలు పరిశీలించి 2019లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. ఆ తీరాల మీద పడి ఉన్న టూత్‌బ్రష్‌లే మూడు లక్షల డెబ్బై వేలకు పైగా ఉంటాయని వారు అంచనా వేశారు. ఆరువందల మంది తరతరాలుగా పళ్ళు తోమినా అన్ని బ్రష్షులు పోగుపడవు. అవి ఎక్కడెక్కడి ఊళ్ళలోనో కాలువల్లోకి జారి, నదుల్లో కలిసి, సముద్రం చేరి, అలల మీద ప్రయాణించి ఆ ఇసుకలో పడ్డాయి. బంగాళాఖాతం కూడా ఆ మహాసముద్రంలో భాగమే కనుక తెలుగు తీరంలో పారవేసిన వస్తువుకూ ఆ దారి తెరిచే ఉంది.

అందువల్ల పంటి శుభ్రతకు వాడే ఏ వస్తువును చూసినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటి ప్రశ్న: వాడిన తరువాత ఇది ఎక్కడికి పోతుంది? రెండవ ప్రశ్న: ఇది పంటికి నిజంగా మేలు చేస్తుందా? ఈ రెండింటికీ సరైన జవాబు ఉన్న వస్తువునే పర్యావరణ మిత్రం అని పిలవాలి. భూమికి మేలు చేస్తానంటూ పంటిని పాడుచేసే వస్తువు మంచిది కాదు. పంటికి మేలు చేస్తూ నేలనూ నీటినీ పాడుచేసే వస్తువు కూడా మంచిది కాదు.

ముందుగా బ్రష్షు సంగతి చూడాలి. కుచ్చు అమర్చిన బ్రష్షు పదిహేనవ శతాబ్దంలో చైనాలో రూపుదిద్దుకుందని, దాని కుచ్చు అడవిపంది వెంట్రుకలతో తయారయ్యేదని చరిత్రకారులు చెబుతారు. ఇంగ్లండులో విలియం ఆడిస్ అనే వ్యక్తి 1780 ప్రాంతంలో ఎముక పిడితో బ్రష్షులు తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. ఆనాటి బ్రష్షు ఎముకా, వెంట్రుకలూ కలిసిన వస్తువు కనుక పారవేస్తే కాలక్రమేణా మట్టిలో కలిసిపోయేది. 1938లో అమెరికాలో నైలాను కుచ్చున్న బ్రష్షు అమ్మకానికి వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందు డుపాంట్ సంస్థ ప్రయోగశాలలో పుట్టిన ఆ కృత్రిమ దారం చవక, గట్టిది, తడిసినా త్వరగా ఆరేది, సూక్ష్మజీవులు సులభంగా గూడు కట్టలేనిది. పంటి ఆరోగ్యానికి అది మేలే చేసింది. అయితే మట్టిలో కలిసే గుణం మాత్రం ఆనాటి నుంచి బ్రష్షుకు దూరమైంది.

నేటి బ్రష్షు చూడడానికి ఒకే వస్తువులా కనిపించినా, అందులో నాలుగైదు పదార్థాలుంటాయి. పిడి పాలీప్రొపిలీన్ అనే గట్టి ప్లాస్టిక్. చేతికి జారకుండా దాని మీద అతికించినది రబ్బరులాంటి మరో ప్లాస్టిక్. కుచ్చులోని పోగులు నైలాను. ఆ పోగులను బ్రష్షు తలలోని రంధ్రాల్లో బిగించి ఉంచేవి కంటికి కనిపించని సన్నని లోహపు ముక్కలు. వీటిని విడదీయడం కష్టం, విడదీసినా దక్కే ప్లాస్టిక్ అతి తక్కువ, కాబట్టి పాత సామాను కొనేవారు బ్రష్షును తీసుకోరు. రీసైక్లింగ్ అంటే పాత వస్తువును కరిగించి లేదా పొడిచేసి అదే పదార్థంతో కొత్త వస్తువును తయారుచేయడం. ఆ పని జరగాలంటే పదార్థం ఒకే రకానిదై ఉండాలి, లేదా సులభంగా విడిపోయేదై ఉండాలి. ఈ మాట మరొకసారి చెప్పుకోవడం అవసరం: ఒకే పదార్థమైనా కావాలి, లేదా విడిపోయేదైనా కావాలి. మామూలు బ్రష్షులో ఈ రెండు గుణాలూ లేవు.

ఈ చిక్కుకు పరిష్కారంగా వచ్చినదే వెదురు బ్రష్షు. వెదురు త్వరగా పెరిగే గడ్డిజాతి మొక్క, నరికిన తరువాత దాని దుంప నుంచి మళ్ళీ పిలకలు వేస్తుంది. అడవి వెలుపల పెంచిన వెదురును చెట్టు అన్న నిర్వచనం నుంచి తొలగిస్తూ 2017లో భారత అటవీ చట్టాన్ని సవరించడంతో, రైతులు పొలాల్లో వెదురు పెంచి అమ్ముకోవడం తేలికైంది. వెదురు పిడి మట్టిలో కుళ్ళి ఎరువుగా మారుతుంది కనుక మొదటి ప్రశ్నకు అది మంచి జవాబే చెబుతుంది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పిడి వెదురే అయినా, బజారులో దొరికే వెదురు బ్రష్షుల్లో చాలావాటి కుచ్చు నైలానే. అలాంటి బ్రష్షును అలాగే ఎరువు గుంటలో వేస్తే, వెదురు కుళ్ళిపోయాక నైలాను పోగులూ, లోహపు ముక్కలూ మట్టిలో మిగిలిపోతాయి. అందువల్ల పారవేసే ముందు పట్టకారుతో పోగులను లాగివేయాలి, లేదా బ్రష్షు తల భాగాన్ని విరిచి వేరుచేసి, పిడిని మాత్రమే మట్టికి అప్పగించాలి. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ప్రాంతాల్లో వెదురుకు బూజు పట్టే అవకాశం ఉంది కాబట్టి, వాడిన ప్రతిసారీ నీటిని బాగా విదిలించి, తల పైకి వచ్చేట్టు గాలి తగిలేచోట నిలబెట్టాలి.

కొన్ని బ్రష్షుల కుచ్చు మొక్కల నుంచి వచ్చిందని కంపెనీలు ప్రకటిస్తాయి. చాలా సందర్భాల్లో ఆ మొక్క ఆముదమే. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల మెట్టరైతులకు తరతరాలుగా తెలిసిన ఆముదం గింజల నూనె నుంచి సెబాసిక్ ఆమ్లం అనే రసాయనాన్ని తీసి, దానితో కొన్ని రకాల నైలానును తయారుచేస్తారు. ముడిచమురు వాడకాన్ని తగ్గిస్తుంది కనుక ఇది మెచ్చుకోదగిన మార్గం. కానీ ఆముదం నుంచి పుట్టినంత మాత్రాన ఆ నైలాను మట్టిలో కలిసిపోదు. ఒక పదార్థం దేని నుంచి పుట్టిందన్నది ఒక విషయం, చివరికి ఏమవుతుందన్నది వేరే విషయం. మొక్కజొన్న పిండి వంటివాటి నుంచి తయారయ్యే కొన్ని ప్లాస్టిక్‌లకు కూడా ఈ మాటే వర్తిస్తుంది. అవి సుమారు 60 డిగ్రీల వేడిని నిలిపి ఉంచే ప్రత్యేక కేంద్రాల్లోనే ఎరువుగా మారతాయి. పెరటి గుంటలో, కాలువ గట్టున అవి మామూలు ప్లాస్టిక్‌లాగే ఏళ్ళ తరబడి పడి ఉంటాయి.

మరి ఏ బ్రష్షు మేలు? ఈ ప్రశ్నకు బ్రిటన్, ఐర్లండ్ పరిశోధకులు జీవితచక్ర మదింపు అనే పద్ధతిలో జవాబు వెతికారు. ముడిపదార్థం సేకరణ, తయారీ, రవాణా, వాడకం, పారవేత అనే దశలన్నిటిలో ఒక వస్తువు ప్రకృతి మీద మోపే భారాన్ని కలిపి లెక్కించడమే జీవితచక్ర మదింపు. 2020లో బ్రిటిష్ డెంటల్ జర్నల్‌లో వెలువడిన ఆ అధ్యయనంలో మామూలు ప్లాస్టిక్ బ్రష్షు, వెదురు బ్రష్షు, తల మాత్రమే మార్చుకునే ప్లాస్టిక్ బ్రష్షు, విద్యుత్ బ్రష్షు అనే నాలుగింటిని ఐదేళ్ళ వాడకం ప్రాతిపదికన పోల్చారు. అన్నిటికంటే ఎక్కువ భారం మోపినది విద్యుత్ బ్రష్షు. తక్కువ భారం మోపినవి వెదురు బ్రష్షు, తల మార్చుకునే ప్లాస్టిక్ బ్రష్షు. ప్లాస్టిక్ కూడా మెరుగైన జాబితాలో చేరడం ఇక్కడ గమనించదగినది. పిడిని ఏళ్ళ తరబడి ఉంచుకుని, అరిగిన తలను మాత్రమే మార్చడం వల్ల ఆ ఫలితం వచ్చింది. ప్రపంచమంతా వెదురు బ్రష్షులకే మళ్ళితే, ఆ వెదురు పెంచడానికి చాలా భూమి కావలసి వస్తుందని కూడా ఆ పరిశోధకులు హెచ్చరించారు. చేతులు వణికేవారికీ, వేళ్ళు సరిగా వంగనివారికీ విద్యుత్ బ్రష్షు అవసరమే. అలాంటివారు దానిని నిస్సంకోచంగా వాడాలి.

ఇక పేస్టు గొట్టం సంగతి. ఒకప్పుడు టూత్‌పేస్టు అల్యూమినియం గొట్టాల్లో వచ్చేది, ఆ లోహానికి పాత సామాను అంగడిలో విలువ ఉండేది. తరువాత వచ్చిన మెత్తని గొట్టంలో ప్లాస్టిక్ పొరల నడుమ, పేస్టు వాసన పోకుండా, గాలి చొరకుండా కాపాడడానికి పలుచని అల్యూమినియం రేకు ఉంటుంది. ఆ పొరలన్నీ ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి. పప్పుతో కలిపి ముద్దచేసిన అన్నం నుంచి మెతుకులను మళ్ళీ విడిగా ఏరడం ఎంత కష్టమో, ఆ గొట్టం నుంచి ప్లాస్టిక్‌నూ లోహాన్నీ వేరుచేయడం అంత కష్టం. అందుకే ఆ గొట్టాలు సాధారణంగా చెత్తదిబ్బకో, కొలిమికో చేరుతున్నాయి.

దీనికి పరిష్కారం గొట్టాన్ని ఒకే పదార్థంతో తయారుచేయడం. పాల సీసాలకు, షాంపూ సీసాలకు వాడే హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌కు రీసైక్లింగ్ కేంద్రాల్లో మంచి గిరాకీ ఉంది, కానీ అది గట్టిగా ఉంటుంది కనుక వేళ్ళతో నొక్కితే అణగదు. ఆ ప్లాస్టిక్‌లోనే వేర్వేరు రకాలను వేర్వేరు మందాల్లో పొరలుగా పేర్చి, చేతితో పిండగలిగే గొట్టాన్ని ఇంజనీర్లు రూపొందించారు. కోల్గేట్ సంస్థ తయారుచేసిన అలాంటి గొట్టం 2019లో అమెరికాలోని ప్లాస్టిక్ రీసైక్లర్ల సంఘం గుర్తింపు పొందింది. ఆ విధానాన్ని పోటీ కంపెనీలతో కూడా పంచుకుంటామని ఆ సంస్థ ప్రకటించింది. దీనికి బలమైన కారణం ఉంది. పాత రకం గొట్టాలూ కొత్త రకం గొట్టాలూ బయటికి ఒకేలా కనిపిస్తాయి కనుక, అందరూ మారేవరకు చెత్త వేరుచేసేవారు రెండింటినీ కలిపి పక్కన పడవేస్తారు. ఒక కంపెనీ మారితే చాలదు, అన్ని కంపెనీలూ మారాలి.

గొట్టమే లేకుండా పళ్ళు తోమే మార్గాలు కూడా ఉన్నాయి. గాజు సీసాలో వచ్చే టూత్‌పేస్టు మాత్రలను ఒక్కొక్కటిగా నమిలి, అవి నురగైన తరువాత బ్రష్షుతో తోముకుంటారు. పళ్ళపొడి తెలుగువారికి కొత్త కాదు. 1913 నుంచి మైసూరు ప్రాంతంలో తయారవుతున్న గులాబీ రంగు నంజనగూడు పళ్ళపొడి ఎన్నో ఇళ్ళకు పరిచయం. మాత్రలోనూ పొడిలోనూ నీరు ఉండదు కాబట్టి బరువు తక్కువ, రవాణా ఖర్చు తక్కువ, కాగితపు పొట్లంలోనో గాజు సీసాలోనో ఇమిడిపోతాయి. మొదటి ప్రశ్నకు ఇవి చక్కని జవాబు చెబుతాయి. రెండవ ప్రశ్నను కూడా వీటిని అడగవలసిందే: పంటికి మేలు చేస్తాయా?

ఆ రెండవ ప్రశ్నకు జవాబు ఫ్లోరైడ్ దగ్గర మొదలవుతుంది. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లాన్ని విడుదల చేస్తాయి, ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామెల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది, అలా కరిగిన చోట పుచ్చు మొదలవుతుంది. ఫ్లోరైడ్ ఆ ఖనిజాలు తిరిగి పంటిలో చేరడానికి తోడ్పడి, పైపొరను గట్టిపరుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ టూత్‌పేస్టును అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. కనుక మాత్ర కొన్నా, పొడి కొన్నా అందులో ఫ్లోరైడ్ ఉందో లేదో చూసుకోవాలి. ఫ్లోరైడ్ మాట వినగానే తెలుగు శ్రోతలకు నల్లగొండ, ప్రకాశం జిల్లాల బాధితులు గుర్తుకు రావడం సహజం. అక్కడి ప్రజల ఎముకలను వంచినది తాగునీటి ద్వారా ఏళ్ళ తరబడి శరీరంలోకి వెళ్ళిన అధిక ఫ్లోరైడ్. పేస్టులోని కొద్దిపాటి ఫ్లోరైడ్‌ను తోముకున్నాక ఉమ్మివేస్తారు కనుక ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. అయినా మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళలోపు పిల్లలకు బఠాణీ గింజంత పేస్టు మాత్రమే వేసి, మింగకుండా పెద్దలు చూసుకోవాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్ళలో పిల్లల పేస్టు విషయంలో దంతవైద్యుని సలహా తీసుకోవడం శ్రేయస్కరం.

పంటికి మేలు చేస్తుందా అన్న రెండవ ప్రశ్న ఉంది కనుకనే ప్రకృతి సహజం అన్న పేరు చూసి మోసపోకూడదు. బొగ్గుపొడి, ఇటుకపొడి, ముతక ఉప్పు ఎనామెల్‌ను గీరి అరగదీస్తాయి, అరిగిన ఎనామెల్ మళ్ళీ పెరగదు. పొగాకు కలిపిన పళ్ళపొడి నోటి క్యాన్సర్‌కు దారితీస్తుంది కాబట్టి పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు వాడకాన్ని భారత ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. పన్ను పుచ్చితే వైద్యం కోసం చేసే ప్రయాణాలు, పుచ్చు పూడ్చే పదార్థాలు, ఒకసారి వాడి పారేసే చేతి తొడుగులు, సూదులు కలిపి భూమి మీద పడే భారం తక్కువేమీ కాదు. గట్టి పన్ను కూడా పర్యావరణానికి చేసే సేవే.

మరి వేపపుల్ల మాటేమిటి? పందుంపుల్ల నమిలి, కుచ్చు చేసుకుని, పళ్ళు తోమి, ఆ పుల్లనే నిలువునా చీల్చి నాలుక గీసుకుని పారవేస్తే, అది ఆ సాయంత్రానికే మట్టిలో భాగం కావడం మొదలవుతుంది. వేప, కానుగ, ఉత్తరేణి, తుమ్మ పుల్లలతో తోముకున్న తరాలు ప్లాస్టిక్ చెత్తను ఒక్క గ్రాము కూడా మిగల్చలేదు. మొదటి ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు మరొకటి లేదు. రెండవ ప్రశ్నకు జవాబు మాత్రం సగమే. గట్టి పుల్ల మొరటుగా రుద్దితే చిగుళ్ళు గాయపడతాయి, దవడ పళ్ళ లోపలి వైపుకు పుల్ల సరిగా చేరదు, అందులో ఫ్లోరైడ్ ఉండదు. ఊళ్ళో పెరటి చెట్టున్నవారు లేత పుల్లను మెత్తగా నమిలి వాడుకుంటూ, రాత్రిపూట ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుంటే రెండు మేళ్ళూ దక్కుతాయి. నగరాల్లోని లక్షల మంది పుల్లలకే మళ్ళితే చెట్లు తట్టుకోలేవు. 2021లో తెలంగాణలో వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోయే తెగులు వ్యాపించినప్పుడు, ఆ చెట్టు కూడా తరగని గని కాదని అందరికీ తెలిసివచ్చింది.

నాలుక బద్ద విషయంలో నిర్ణయం సులభం. ప్లాస్టిక్ బద్ద కొద్ది నెలల్లో విరుగుతుంది, రాగి లేదా స్టీలు బద్ద ఏళ్ళ తరబడి పనిచేసి చివరికి పాత సామాను అంగడిలో డబ్బు తెచ్చిపెడుతుంది. పళ్ళ సందులను శుభ్రం చేసే దారం కూడా ఎక్కువగా నైలానుతోనో, టెఫ్లాన్ జాతి పదార్థంతోనో తయారవుతుంది. ప్రకృతిలో విచ్ఛిన్నం కాని ఆ రకాలకు బదులు మైనం పూసిన పట్టుదారం వాడుకోవచ్చు. ఇక పైసా ఖర్చు లేని పని ఒకటుంది. తోముకునేంతసేపూ కుళాయి తిప్పి ఉంచకుండా, ఒక గ్లాసు నీటితో పుక్కిలించడమే ఆ పని.

ఈ భారమంతా వాడేవారి మీదనే మోపడం న్యాయం కాదు. ప్లాస్టిక్ ప్యాకేజింగును మార్కెట్లోకి తెచ్చిన కంపెనీయే, వాడకం తరువాత దానిని తిరిగి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత కూడా మోయాలని 2022లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు జారీచేసింది. దీనిని విస్తృత ఉత్పత్తిదారు బాధ్యత అంటారు. ఆ నియమాలు ప్యాకేజింగుకు వర్తించేవి కనుక పేస్టు గొట్టం వాటి కిందికి వస్తుంది. బ్రష్షు ప్యాకేజింగు కాదు కాబట్టి వాటి పరిధిలోకి రాదు. బ్రష్షు తయారీదారుల మీద కూడా అలాంటి బాధ్యత ఉంచడం అవసరం. వెదురు బ్రష్షు ధర మామూలు బ్రష్షు కంటే ఎక్కువగా ఉన్నంతకాలం కూలిపని చేసుకునే కుటుంబం దానిని కొనలేదు. ఆ కుటుంబం కొనగలిగే చవక బ్రష్షు కూడా రీసైక్లింగుకు పనికివచ్చేలా తయారుకావడమే న్యాయమైన మార్గం.

అందాకా ప్రతి ఇంట్లో చేయగలిగినవి చాలా ఉన్నాయి. చేతిలో ఉన్న ప్లాస్టిక్ బ్రష్షును గడువు వరకు పూర్తిగా వాడాలి. పర్యావరణం పేరుతో దానిని ఇవాళే పారవేసి వెదురు బ్రష్షు కొనడం వ్యర్థమే. కుచ్చు వంగిపోయిన బ్రష్షుతో దువ్వెనలు, ఇత్తడి సామాను, కుట్టుమిషను శుభ్రం చేయడం తెలుగు ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న మంచి అలవాటు, దానిని కొనసాగించాలి. గొట్టంలోని పేస్టును చివరిదాకా పిండి వాడి, ఖాళీ గొట్టాన్ని పొడి చెత్తలోనే వేయాలి, ఎన్నడూ తడి చెత్తలో కలపకూడదు, కాల్చకూడదు. కొత్త బ్రష్షు కొనేటప్పుడు తల మార్చుకునే రకం ఉందా అని, పేస్టు కొనేటప్పుడు రీసైకిల్ చేయదగిన గొట్టమా అని దుకాణదారుని అడగాలి. ఒకరు అడిగితే దుకాణదారుడు తల ఊపి ఊరుకుంటాడు, వీధిలోని వారందరూ అడిగితే ఆ సరుకు తెప్పిస్తాడు, ఊరంతా అడిగితే కంపెనీయే తయారుచేస్తుంది. వాడిన తరువాత ఎక్కడికి పోతుంది, పంటికి మేలు చేస్తుందా అన్న ఈ రెండు ప్రశ్నలూ అంగడిలో వినిపించిన రోజునే మార్పు మొదలవుతుంది.